ఏ ఆత్మకూరు?

(ప్రసంగ పాఠము)

“మా నాయనకు పాము కరిసిందమ్మా. తొందరగా బండి పంపండి.”

“ఏ ఊరు?”

“ఆత్మకూరు కాడ.”

“ఏ ఆత్మకూరు?”

నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఒక రైతు, 108కి ఫోను చేసినప్పుడు నడచిన సంభాషణ ఇది. కొంతకాలము క్రిందట నేను ఆ వైపు బంధువుల ఇంటికి పోయినప్పుడు ఆయనే నాకు దీనిని చెప్పినాడు. బండి వచ్చినది, ముసలాయన బ్రతికినాడు. అయినను రైతు మనసులో ఆ ప్రశ్న ముల్లువలె నిలిచిపోయినది. “పాణం పోతా ఉంటే ఏ ఆత్మకూరని అడగతా కూర్చుంటారేందయ్యా? నీ నంబరు వాళ్లకు కనపడతాదంట గదా. నంబరు తెలిసినోళ్లకు ఊరు తెలియదా? రేడియోలో పనిచేస్తావు, నువ్వన్నా చెప్పు” అని నన్ను నిలదీసినాడు.

ఆ పూట నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగించలేదు. ఈనాటి ప్రసంగము ఆయనకు బాకీపడిన సమాధానము. ఫోను మ్రోగుటకూ, కాల్ సెంటరులోని కంప్యూటరు తెరమీద ఒక వరుస అక్షరములు కనబడుటకూ నడుమ ఏమి జరుగుతున్నది? టెలిఫోను స్విచ్చికీ, సర్వరుకూ ముడి ఎట్లు పడుతున్నది? ఆ ముడి ఎంత చెప్పగలదు, ఎక్కడ మూగపోవును? ఇదీ మన విషయము.

ముందుగా ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి పక్షమున ఒక మాట. ఆత్మకూరు అను పేరు గల ఊరు మనకు ఒక్కటి కాదు. పెన్నకు దాపున, సోమశిల ప్రాజెక్టుకు చేరువనున్న నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఒకటి. నల్లమల అంచున నంద్యాల జిల్లాలో మరొకటి ఉన్నది. అనంతపురము జిల్లాలో ఆ పేరుతో ఒక మండలమే ఉన్నది. తెలంగాణలో వనపర్తి జిల్లాకు ఒక ఆత్మకూరు, హనుమకొండ జిల్లాకు ఒక ఆత్మకూరు ఉన్నవి. ఇవికాక పేరు చివర ‘ఎం’ అనియు, ‘ఎస్’ అనియు అక్షరములు తగిలించుకొన్న ఆత్మకూరులు యాదాద్రి, సూర్యాపేట జిల్లాలలో ఉన్నవి. 2005 ఆగస్టు 15న 108 సేవ ప్రారంభమైననాడు ఈ ఊళ్లన్నియు ఒకే రాష్ట్రములోనివి. హైదరాబాదు వద్ద కూర్చున్న ఒకే కేంద్రమునకు క్రమముగా రాష్ట్రమంతటి నుండియు పిలుపులు చేరసాగినవి. ఆ కేంద్రములో “ఆత్మకూరు” అను మాట ఒక్కటే విని బండి పంపినచో అది ఏ కొండ అంచుకు చేరునో చెప్పలేము.

ఇప్పుడు కొంచెము వెనుకకు పోదాము.

చేతితో నడిపించు పాత టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఒక మనిషి కూర్చుండేవాడు. ఎదుట చిల్లుల పలక. ప్రతి చిల్లు ఒక చందాదారుని తీగ. ఎవరైనను పిడి త్రిప్పగానే ఆ చిల్లు మీది చిన్న రేకు మూత జారిపడేది. ఆయన త్రాడు గ్రుచ్చి “ఎవరు కావలె?” అని అడిగేవాడు. త్రాడు రెండవ కొనను కావలసిన చిల్లులో గ్రుచ్చినచో ఇద్దరికిని మాట కలిసేది. ఈ ఏర్పాటు నిదానమైనదే. కాని ఆ మనిషికి ఊరంతయు తెలుసు. డాక్టరుగారు ఇంటిలో లేరనియు, ఫలానావారి పెండ్లికి పోయినారనియు, అక్కడి ఫోను ఇదియనియు ఆయనకు తెలుసు. అనగా తీగలు కలుపు పనియు, ఊరిని ఎరిగిన జ్ఞాపకమును ఒకే మనిషిలో ఉండేవి.

అమెరికాలో ఆల్మన్ స్ట్రౌజర్ అను ఆయన ఈ రెండింటిని విడదీసినాడు. ఆయన వృత్తి శవసంస్కారపు ఏర్పాట్లు చేయుట. ఎక్స్ఛేంజిలోని వారు తనకు రావలసిన పిలుపులను పోటీదారునికి కలుపుతున్నారని ఆయనకు అనుమానము కలిగినదని చెప్పుకొంటారు. మనిషి ప్రమేయము లేకుండ, పిలిచిన వాని వ్రేలి కదలిక చేతనే తీగలు కలిసే స్విచ్చికి ఆయన 1891లో పేటెంటు పొందినాడు. అప్పటి నుండి స్విచ్చికి వేగము వచ్చినది, నిష్పాక్షికత వచ్చినది. జ్ఞాపకము మాత్రము పోయినది. పిలిచినవారు ఎవరో, పిలుపు ఎందుకో దానికి పట్టదు. అంకెలు విని తీగలు కలుపుటయే దాని ధర్మము.

మన దేశములో మనిషి సాయము లేకుండ ఊరి నుండి ఊరికి నేరుగా మాటలాడు ఎస్.టి.డి. సౌకర్యము 1960లో కాన్పూరు, లక్నోల నడుమ ప్రారంభమైనది. 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడినది. దుమ్మునకును ఎండకును తట్టుకొని, చల్లని గదులు లేకుండనే పనిచేయు చిన్న ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిని అది పల్లెల కొరకు తయారు చేసినది. అట్టిది మొదట 1986లో కర్ణాటకలోని కిత్తూరులో వెలసినది. తరువాత అట్టి పెట్టెలు దేశమంతట పల్లెలకు చేరినవి. ఉదయగిరి ప్రాంతమునకు 08620, ఆత్మకూరు ప్రాంతమునకు 08627 అను కోడులు ఏర్పడినవి. రైతు అడిగిన ప్రశ్నకు మొదటి ఆధారము ఈ కోడులోనే ఉన్నది. దానికి మరల వద్దాము.

కాల్ సెంటరు సర్వరు చేయు పని ఏమనగా, స్విచ్చి పోగొట్టుకొన్న ఆ జ్ఞాపకమును తిరిగి దానికి తోడుగా తెచ్చి కూర్చుండబెట్టుట. స్విచ్చికి మాట కలుపుట తెలుసు. సర్వరునకు ఊళ్లు, మండలములు, ఆసుపత్రులు, బండ్లు తెలుసు. ఈ రెండును ఒకరితో ఒకరు మాటలాడుకొన్ననే పని జరుగును.

ఒక పిలుపు వెంట నడిచి చూతము. ఉదయగిరిలో ఒకరు ఇంటి ఫోనులో 1-0-8 నొక్కినారు. ఆ సంఖ్యగల తీగ ఏ ఇంటికిని లేదు. ఎక్స్ఛేంజి తన పట్టిక తిరగవేసి, ఈ మూడంకెలను కాల్ సెంటరు యొక్క అసలు గమ్యసంఖ్యగా మార్చుకొనును. పిమ్మట ఒక ఎక్స్ఛేంజి నుండి మరొక ఎక్స్ఛేంజికి వార్త పోవును: “ఫలానా సంఖ్య నుండి ఫలానా గమ్యమునకు ఒక పిలుపు ఉన్నది; దారి ఇత్తువా?” ఈ వార్త మాట నడచు దారిన పోదు. సంకేతములకు వేరే బాట ఉన్నది. దానినే ఏడవ సంకేత పద్ధతి అంటారు. పెండ్లివారు బయలుదేరక ముందే ఒక మనిషి పోయి విడిది ఉన్నదో లేదో చూచి వచ్చినట్లు, మాట కదలక ముందే సంకేతము పోయి దారి చూచి వచ్చును. అవతల ఖాళీ లేనిచో తీగలను వ్యర్థముగా పట్టుకొనవలసిన పని లేదు.

కాల్ సెంటరు గుమ్మము వరకు ఇట్లు వచ్చిన పిలుపు లోపలికి ఒక కట్ట దారిగుండ ప్రవేశించును. ఆ కట్ట లెక్క తెలిసికొనదగినది. మన గొంతును సెకనుకు 8,000 మార్లు కొలిచి, ప్రతి కొలతను ఎనిమిది సున్న-ఒకట్లుగా వ్రాసుకొందురు. అనగా ఒక గొంతుకు సెకనుకు 64,000. ఇట్టివి 32 గదులు ఒకే తీగలో వరుసగా పేర్చినచో 20,48,000. ఇందులో 30 గదులు మాటలకు; ఒకటి సంకేతములకు; ఒకటి రెండు కొసల గడియారములు తప్పకుండ చూచుటకు. కనుక ఒక కట్టలో ఒకే సమయమున 30 మంది మాటలాడగలరు. ముప్పది యొకటవ వానికి చోటు లేదు.

మరి ఎన్ని కట్టలు కావలెను? ఎందరు మనుషులు కూర్చుండవలెను? ఈ లెక్క కట్టినవాడు కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అను డెన్మార్కు గణితజ్ఞుడు. ఆయన తొలి వ్యాసము 1909లోను, ప్రసిద్ధ సూత్రములు 1917లోను వెలువడినవి. రద్దీని కొలుచు ప్రమాణమునకే ఆయన పేరు నిలిచినది. ఊహకు ఒక ఉదాహరణము తీసికొందాము. ఒక కేంద్రమునకు గంటకు 300 పిలుపులు వచ్చుననియు, ఒక్కొక్కటి రెండు నిమిషములు పట్టుననియు అనుకొందాము. మొత్తము 600 నిమిషముల మాట. గంటకు 60 నిమిషములు కనుక పది మంది నోటికి సరిపడు పని. పది మందిని కూర్చుండబెట్టిన చాలును గదా అనిపించును. చాలదు. పిలుపులు లెక్క ప్రకారము ఒకదాని వెనుక ఒకటి రావు. వాన చినుకులవలె గుంపుగా పడును, ఆగిపోవును. పది మందే ఉన్నచో వరుస పెరుగుతూనే పోవును. పన్నెండు మంది ఉన్నను నూటికి 45 మంది కాచుకొనవలసి వచ్చును. పదునలుగురు ఉన్నచో ఆ సంఖ్య సుమారు 17కు దిగును. నలుగురు కొంతసేపు ఊరక కూర్చున్నట్లు పైకి కనబడును. ఆ ఊరక కూర్చుండుటయే పాము కరిచిన వాని కొరకు అట్టిపెట్టిన చోటు. దీనిని దుబారాగా భావించి తగ్గించువారు ఎర్లాంగ్ లెక్కను ఒకసారి చూడవలెను.

ఇప్పుడు అసలు ముడి వద్దకు వచ్చినాము.

కాల్ సెంటరులోపల సొంత స్విచ్చి ఒకటి ఉండును. వచ్చిన పిలుపును వరుసలో నిలిపి, ఖాళీగా ఉన్న మనిషికి పంచిపెట్టుట దాని పని. ప్రక్కగదిలో సర్వరు ఉండును. ఈ రెంటి నడుమ వేరుగా ఒక తీగ. గమనింపవలసినది ఏమనగా, ఈ తీగలో మాట పోదు; మాటను గూర్చిన వార్త మాత్రమే పోవును. స్విచ్చి చెప్పును: “ఒక పిలుపు వచ్చినది, దాని గుర్తు ఇది, పిలిచిన సంఖ్య ఇది.” మరుక్షణము: “ఏడవ బల్లవద్ద మ్రోగుతున్నది.” తరువాత: “ఎత్తినారు.” కొంతసేపటికి: “డాక్టరునకు కలిపినారు.” చివరకు: “ముగిసినది.” సర్వరు కూడ స్విచ్చికి ఆజ్ఞలు ఇయ్యగలదు: దీనిని ఏడవ బల్లకు పంపుము, దానిని ఆపియుంచుము, ఫలానా సంఖ్యను పిలువుము.

పూర్వము స్విచ్చి చేయు ప్రతి కంపెనీకిని తన భాష తనది. ఒక కంపెనీ స్విచ్చికి కుదిరిన సర్వరు మరొక దానికి కుదిరేది కాదు. స్విచ్చి మార్చినచో సర్వరులోని కార్యక్రమమంతయు తిరిగి వ్రాయవలసినదే. అందువలన 1992లో యూరపు కంప్యూటరు తయారీదారుల సంఘము ఈ సంభాషణకు ఒక ఉమ్మడి భాషను నిర్ణయించినది. తరువాత మరికొన్ని భాషలు వచ్చినవి. ఏ భాషయైనను మూలసూత్రము ఒక్కటే: ప్రతి పిలుపునకు ఒక గుర్తు, ప్రతి బల్లకు ఒక గుర్తు, ఆ రెండింటికిని జరిగిన సంఘటనకు ఒక పేరు.

ఈ గుర్తే ప్రాణము. అది తారుమారైనచో ఏమగునో నాకు అనుభవము. వెనుక నేను పనిచేసిన ఒకచోట శ్రోతలు ఫోనులో పాల్గొను కార్యక్రమము నడిపేవారము. పిలిచినవారి పేరు, ఊరు నా ఎదుటి తెరమీద కనబడేవి. ఒకనాడు ఒక శ్రోత మధ్యలో ఫోను పెట్టివేసినాడు. ఆ ముగింపు వార్త తెరకు చేరలేదు. అప్పటి నుండి ప్రతి పిలుపునకు దాని ముందటి వారి పేరు కనబడసాగినది. నేను “కావలి నుండి మాటలాడుతున్నారు గదా” అంటిని. అవతలి ముసలమ్మ “కావలి ఎవురిది నాయనా? మాది ఉదయగిరి” అన్నది. శ్రోతలు నవ్వుకొన్నారు; పాట ఒకటి వేసి మేము సర్దుకొంటిమి. మాకు జరిగిన నష్టము ఒక నవ్వు. అంబులెన్సు పంపు బల్లమీద ఇదే పొరపాటు జరిగినచో ఉదయగిరి పోవలసిన బండి కావలికి పోవును. అందుచేతనే ఆ బల్ల వద్దనున్న వారు తెరమీద ఊరు కనబడినను, నోటితో మరల అడిగి రూఢి చేసికొనవలెను. ఇది రైతు ప్రశ్నకు సగము సమాధానము.

ఇంకొక సూత్రము మా రేడియోవారికి చిరపరిచితము. పాటలు నడిపించు యంత్రము ఆగిపోయినను ప్రసారము ఆగరాదు. మనిషి మైకు ముందు కూర్చుని నాలుగు మాటలైనను చెప్పవలెను. కాల్ సెంటరులోను అంతే. సర్వరు పడిపోవచ్చును, నడిమి తీగ తెగిపోవచ్చును. స్విచ్చియు సర్వరును కొద్ది క్షణములకొకసారి “ఉన్నావా?” “ఉన్నాను” అని పలుకరించుకొంటూ ఉండును. కొన్ని పలుకరింపులకు బదులు రానిచో స్విచ్చి సర్వరు ఆజ్ఞకై ఎదురుచూడరాదు. తనకు ముందే నేర్పిన సాదా వరుస ప్రకారము పిలుపులను బల్లలకు పంచవలెను. తెర చీకటి అయినను గంట మ్రోగవలెను. కాగితము, పెన్సిలు తీసికొని వ్రాసికొనుటకు మనుషులకు అలవాటు ఉండవలెను. ఈ ఏర్పాటు లేకుండ సర్వరు చెప్పిననే పిలుపు కదలునట్లు కట్టినవారు, జ్ఞాపకము కొరకు చెవిని తాకట్టు పెట్టినవారగుదురు. అందువలన కొత్త కేంద్రమును పరీక్షించునప్పుడు మొదట చేయవలసిన పని, పనివేళలోనే ఆ నడిమి తీగను ఊడబెరికి చూచుట.

ఇటీవలి కేంద్రములలో స్విచ్చికీ, సర్వరుకూ నడుమ గోడ కూలిపోయినది. 1999లో ఇంటర్నెట్టు ప్రమాణముగా వెలువడి 2002లో సవరింపబడిన సిప్ అను పద్ధతి దీనికి ఆధారము. ఇందులో పిలుపు ఒక ఆహ్వానపత్రము. ఒక యంత్రము మరొకదానికి “రమ్ము” అని వ్రాయును, అది “మ్రోగుతున్నది” అనియు, “సరే” అనియు బదులు వ్రాయును, చివరకు “సెలవు”. గొంతు మాత్రము చిన్న చిన్న పొట్లములుగా, సాధారణముగా సెకనుకు 50 చొప్పున, వేరే దారిని పోవును. ఇప్పుడు సర్వరే స్విచ్చి. ప్రత్యేకమైన ఇనుప బీరువాలు అక్కరలేదు. పాత కట్టల నుండి వచ్చు పిలుపులను పొట్లములుగా మార్చుటకు గుమ్మమున ఒక అనువాద యంత్రము ఉండిన చాలును.

సౌకర్యము పెరిగినప్పుడు కొత్త జబ్బులును పుట్టును. ఆహ్వానము ఒక దారిని, గొంతు ఒక దారిని పోవుచున్నవి గదా. కాపలా కొరకు పెట్టిన తలుపు ఆహ్వానమును రానిచ్చి, గొంతును ఒకవైపున ఆపివేయవచ్చును. అప్పుడు వీరి మాట వారికి వినబడును. వారి మాట వీరికి వినబడదు. “హలో, హలో” అని ఇరువైపుల అరచి పెట్టివేయుట మనలో చాలమందికి అనుభవమే. పొట్లములు ఆలస్యమైనను చిక్కే. నోటి నుండి చెవికి సెకనులో ఏడవవంతు, అనగా సుమారు 150 మిల్లీసెకనులు మించనంత వరకు సంభాషణ సహజముగా నడచునని అంతర్జాతీయ ప్రమాణము. అది దాటిన కొలది ఇద్దరును ఒకేసారి మాటలాడుదురు. ఇద్దరును ఒకేసారి ఆగుదురు. ఇంటర్నెట్టు తీగ తెగినచో పిలుపంతయు పోవును. కావున రెండు వేరు దారులను, వీలైనచో రెండు వేరు కంపెనీల నుండి, తెచ్చి పెట్టుకొందురు. ఆ రెండును ఒకే గోతిలో పూడ్చినచో మాత్రము, రోడ్డు త్రవ్వువాని గడ్డపారకు రెండును ఒకే వ్రేటున తెగును.

ఇక రైతు ప్రశ్నలోని రెండవ సగము. నంబరు తెలిసినవారికి ఊరు ఎందుకు తెలియదు?

ఇంటి ఫోనైనచో తెలియును. 08627తో మొదలైన సంఖ్య నెల్లూరు జిల్లా ఆత్మకూరు ప్రాంతముననే ఉండును. నంద్యాల జిల్లా ఆత్మకూరు కోడు వేరు. సర్వరులో చందాదారుల పట్టిక ఉన్నచో ఇల్లు కూడ తెలియును. కాని రైతు చేతిలో ఉన్నది మొబైలు. దాని సంఖ్యకు ఊరు లేదు. రాష్ట్రము 2014లో రెండైనను, టెలిఫోను లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండును కలిసి నేటికిని ఒకే సర్కిలు. వనపర్తి ఆత్మకూరువాని సంఖ్యకును, సోమశిల ఆత్మకూరువాని సంఖ్యకును అంకెలలో ఏ భేదమును కనబడదు. అదిగాక, నెల్లూరులో కొన్న సిమ్ముతో కొడుకు హైదరాబాదులో ఉండవచ్చును. తండ్రికి నలత చేసినదని తెలిసి అక్కడినుండియే 108కి ఫోను చేయవచ్చును. అప్పుడు పిలిచినవాని చోటు వేరు, బండి పోవలసిన చోటు వేరు.

ఫోను ఏ స్తంభము నీడలో ఉన్నదో మొబైలు కంపెనీ స్విచ్చికి తెలియును గదా అనవచ్చును. తెలియును. కాని సంఖ్య వచ్చినంత సులభముగా ఆ వార్త సర్వరుకు రాదు. దానికి ప్రతి కంపెనీతోను వేరుగా ఏర్పాటు ఉండవలెను. సర్వరు అడుగవలెను, కంపెనీ యంత్రము వెంటనే బదులు చెప్పవలెను. బదులు వచ్చినను అది ఇల్లు కాదు, స్తంభము. పట్టణములో స్తంభములు దగ్గరగా ఉండును. పల్లెలలో ఒక్కొక్క స్తంభము మైళ్ల మేర కాచును, పాత జి.ఎస్.ఎమ్. పద్ధతిలో గరిష్ఠ దూరము 35 కిలోమీటర్లు. ఉదయగిరి వంటి చోట చిక్కు ఇంకను ఎక్కువ. ఊరిని ఆనుకొని దుర్గము కొండ. పడమట సీతారామపురము వైపు వెలిగొండల వరుస. కొండకు ఈవల దగ్గరగా ఉన్న స్తంభము కనబడక, ఆవల దూరముగా ఉన్న స్తంభము అందవచ్చును. అప్పుడు సర్వరు తెరమీద మెరయు చుక్క మనిషి లేని లోయలో ఉండును. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఈ దుర్గమును ముట్టడించి, కైవసము చేసికొనుటకు ఏడాదికి పైగా పట్టినదని చరిత్ర. ఆనాడు సేనలను నిలిపిన కొండలే నేడు రేడియో తరంగములను నిలుపుచున్నవి.

క్రొత్త ఫోనులు ఉపగ్రహముల సాయమున తమ చోటును తామే లెక్కగట్టి పంపగలవు. 2017 జనవరి నుండి దేశములో అమ్ము ప్రతి మొబైలులోను ఆపత్కాలపు మీట ఉండవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము నియమము చేసినది. సాధారణ ఫోనులలో 5 లేక 9 అంకెను అదిమిపట్టుట ఆ మీట. దేశమంతటికి ఒకే అత్యవసర సంఖ్యగా 112 కూడ ఏర్పడినది. ఇవన్నియు మేలే. అయినను ఇంటిలోపల, లోయలోపల ఉపగ్రహము అందక పోవచ్చును. ఫోనులో చోటు చూపు ఏర్పాటును కట్టివేసి ఉండవచ్చును. అందుచేత, ఎన్ని యంత్రములు వచ్చినను, “ఏ ఊరు?” అను ప్రశ్న పోలేదు.

ఆ ప్రశ్నకు సరియైన సమాధానము మన చేతిలో ఉన్నది. మొదట జిల్లా, తరువాత మండలము, తరువాత ఊరు చెప్పవలెను; ఊరి పేరు ఒక్కటే చెప్పరాదు. “నెల్లూరు జిల్లా, ఆత్మకూరు మండలము” అన్న నాలుగు మాటలు మిగిలిన ఆత్మకూరులనన్నింటిని ఒక్కసారిగా తెరమీది నుండి తుడిచివేయును. పిదప బండివానికి కనబడు గుర్తు: గుడి, బడి, నీళ్ల ట్యాంకు, రోడ్డు చీలిక. ప్రశ్నలు ముగియువరకు ఫోను పెట్టివేయరాదు. మీరు మాటలాడుచుండగనే, పిలుపును మ్రోగించిన ఆ సర్వరే మీ వివరములను బండి పంపు మరొక బల్లకు చేరవేయగలదు. ప్రశ్నల వలన బండి ఆగదు. మరల పిలువవలసి వచ్చినచో మొదటి ఫోను నుండియే పిలువవలెను. అప్పుడు సర్వరు పాత కాగితమును తీసి ఎదుట పెట్టగలదు. వేరొక ఫోను నుండి పిలిచినచో అది మరొక పాముకాటు అనుకొనును. బండి డ్రైవరు తిరిగి ఫోను చేయునప్పుడు తీగ ఖాళీగా ఉండవలెను గనుక, ఆ కొద్దిసేపు బంధువులకు మాట చెప్పుటకు ఇంకొక ఫోను వాడవలెను.

ఈ సంగతులన్నియు నేను ఆ రైతుకు ఈమధ్య ఫోనులోనే చెప్పినాను. ఓపికగా విన్నాడు. చివరకు, “అంటే, మిషనుకు నంబరు తెలుసు, మడిసికి ఊరు తెలుసు. ఇద్దరూ కలిస్తేగాని బండి కదలదు. అంతేగదయ్యా?” అన్నాడు. అంతే. నేను ఇంతసేపు చెప్పినది ఆయన ఒక్క వాక్యములో చెప్పినాడు.

తరువాత తెలిసినది: ఆయన తన ఇంటి గోడమీద, పాలవాని లెక్క ప్రక్కన, జిల్లా పేరు, మండలము పేరు, ఊరి పేరు, వేపచెట్టు గుర్తు బొగ్గుతో పెద్ద అక్షరములతో వ్రాయించినాడట. చదువు వచ్చిన మనుమరాలు ఇంటిలో లేనప్పుడు ఎవరు వచ్చి ఫోను చేసినను చూచి చదువుటకు. ఆ గోడయు ఒక సర్వరే. దానికి కరెంటు అక్కరలేదు.